వెలిగించకముందు గుప్పుమనే కొవ్వొత్తి, వెలిగించాక వాసన ఎందుకు రావట్లేదు?

లేత_మైనం:
గాజు గ్లాసులో పోసిన సోయా కొవ్వొత్తి. లెక్కలన్నీ ఇక్కడే పెడుతున్నాను, తప్పెక్కడో చెప్పండి.

మైనం 200 గ్రా., గ్లాసుల్లో పోయడానికే అమ్మే సోయా, 49 డిగ్రీల దగ్గర కరిగే రకం. లావెండర్-వెనిల్లా సెంటు నూనె 20 గ్రా. మైనం 60 డిగ్రీలకు దిగాక నూనె కలిపి, అర నిమిషం తిప్పి, 50 దగ్గర పోశాను. గ్లాసు లోపలి వెడల్పు 7.5 సెం.మీ. వత్తి నూలుది, సీడీ అనే శ్రేణిలో 6వ సైజు (సీడీ 6). పోసిన రెండో రోజు వెలిగించాను.

మూత తీస్తే చాలు, గుమ్మం దాకా వాసన. వెలిగించి గంటన్నరైనా గ్లాసు మీదికి వంగితే తప్ప తెలియట్లేదు. ఈసారి నూనె 28 గ్రాములు చేద్దామనుకుంటున్నాను. సరిపోతుందా, ఇంకా పెంచాలా?

వత్తి_ముందు:
ముందు ఆ నూనె సీసా మూత బిగించి పక్కన పెట్టండి. 28 గ్రాములు పోస్తే వాసన పెరగదు, వేరే తంటా మొదలవుతుంది. అది తర్వాత చెప్తాను.

వెలిగించని కొవ్వొత్తి వాసన వేరు, వెలుగుతున్నదాని వాసన వేరు. మొదటిదాన్ని కోల్డ్ త్రో, రెండోదాన్ని హాట్ త్రో అంటారు. గట్టి మైనం పైపొరలోంచి తేలిగ్గా ఎగిరే వాసనలు వాటంతటవే లేచి మూత కింద పోగవుతాయి. మూత తీయగానే ముక్కుకు కొట్టేది అదే. దానికి వేడి అక్కర్లేదు. వెలిగించాక వాసన వచ్చేది మాత్రం ప్రధానంగా వత్తి చుట్టూ కరిగి నిలిచే మడుగు నుంచి. మంట నుంచి కాదు. వత్తి పీల్చుకున్న మైనంతో పాటు పైకెక్కిన నూనె మంటలో కాలిపోతుంది, అది మన ముక్కుదాకా రాదు. మడుగు ఎంత వెడల్పు, ఎంత వేడి అన్నదే హాట్ త్రో.

అందుకని ఇవి కొలిచి చెప్పండి. వెలిగించిన 2 గంటలకు మడుగు వెడల్పెంత? లోతెంత (అగ్గిపుల్ల ముంచి, తడి ఎంతవరకు ఎక్కిందో స్కేలుతో చూస్తే చాలు)? గోడలకు గట్టి మైనం మిగులుతోందా? వత్తి కొసన నల్లటి ముద్ద కడుతోందా?

లేత_మైనం:
2 గంటలకు వెడల్పు 5 సెం.మీ., లోతు 5 మి.మీ. 3 గంటలకు కూడా పెద్దగా మారలేదు. చుట్టూ గోడ వెంట సెంటీమీటరు పైనే గట్టి మైనం అలాగే ఉంది. వత్తి కొసన ముద్దేమీ లేదు, మంట చిన్నగా, కదలకుండా ఉంది.

వత్తి_ముందు:
దొరికింది దొంగ. వత్తి సన్నం.

లెక్క చూడండి. 7.5 సెం.మీ. వెడల్పు గ్లాసులో పైభాగమంతా కరిగితే మడుగు వైశాల్యం సుమారు 44 చదరపు సెం.మీ. మీకు కరిగింది 5 సెం.మీ. వెడల్పే, అంటే దాదాపు 20. వాసన వదలాల్సిన పైతలం సగానికన్నా తక్కువ. దానికి తోడు చిన్న మంట కింద మడుగు వేడి కూడా తక్కువే. పోసిన నూనెలో సగానికి పైగా గోడ వెంట గట్టి మైనంలో ఖైదీగా కూర్చుంది. మూత తీసినప్పుడు గుప్పుమన్నది ఆ ఖైదీతో కలిపే.

ఇదిలాగే కాలిస్తే మధ్యలో బావిలా దిగిపోతుంది. టన్నెలింగ్ అంటారు దీన్ని. ఒకసారి గోడ కట్టిన మైనం, తర్వాత వెలిగించినప్పుడు కూడా సాధారణంగా దిగిరాదు, మడుగు పాత గుంట అంచు దగ్గరే ఆగుతుంది. మొదటిసారి వెలిగించినప్పుడే అంచుదాకా కరగనివ్వాలని చెప్పేది అందుకే. లెక్కగా గ్లాసు వెడల్పు ప్రతి 2.5 సెం.మీ.కు గంట, అంటే మీ గ్లాసుకు 3 గంటలు. కానీ సన్నటి వత్తితో 6 గంటలు కూర్చున్నా అంచు అందదు, గడియారం వత్తి తప్పును దిద్దలేదు.

చేయాల్సింది: అదే మైనం, అదే నూనె, అదే గ్లాసు. వత్తి మాత్రం మార్చండి. సీడీ 10, 12, 16 తలా ఒకటి పోసి చూడండి. 3 నుంచి 4 గంటల మధ్య మడుగు అంచుకు చేరాలి, లోతు 8 నుంచి 12 మి.మీ. మధ్య నిలవాలి. ఇంకో శ్రేణి వత్తులకు మారితే ఈ అంకెలు పనికిరావు. ఒక శ్రేణిలో 10 అంటే ఇంకో దానిలో 10 కాదు.

తూకం_తప్పదు:
వత్తి సంగతి ఒప్పుకుంటాను, కానీ కలిపిన పద్ధతి కూడా సరిగ్గా లేదు. 60 డిగ్రీల దగ్గర కలిపి అర నిమిషం తిప్పడం చాలదు. సోయా అయితే 80 దాకా వేడి చేసి, పొయ్యి ఆపి, 75-80 మధ్య నూనె పోసి, తక్కువలో తక్కువ 2 నిమిషాలు తిప్పాలి. గరిటె అడుగు తాకుతూ తిప్పండి, పైపైన కాదు. నూనె కొన్నిసార్లు మైనం కన్నా బరువుంటుంది, అడుగుకు దిగి కూర్చుంటుంది. కలపకుండా పోస్తే గ్లాసు అడుగున జిడ్డు చుక్కల్లా కనబడుతుంది. నురగ వచ్చేలా గిలక్కొట్టొద్దు, గాలిబుడగలు చేరతాయి.

నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించండి. నేరుగా మంట మీద పెడితే అడుగున వేడి ఎక్కడికి పోతుందో థర్మామీటర్‌కు తెలియదు.

శాతం దగ్గర చాలామంది తడబడతారు. 200 గ్రాముల మైనానికి 20 గ్రాముల నూనె అంటే మైనంలో 10 శాతం. మొత్తం 220లో అది 9.1 శాతం. మైనం సంచి మీద గరిష్ఠంగా ఇంత అని రాసి ఉంటే ఏ లెక్కలో రాశారో చూసుకోండి. గ్లాసులో మొత్తం 200 గ్రాములే పట్టాలి, నూనె మైనానికి 8 శాతం కావాలి అంటే 200ని 1.08తో భాగించండి. మైనం 185.2, నూనె 14.8. గ్లాసులో ఎంత పడుతుందో తెలియకపోతే నీళ్లు పోసి తూచి, ఆ బరువును 0.9తో గుణించండి, మైనం నీటికన్నా తేలిక కాబట్టి.

నూనెను మిల్లీలీటర్లలో కొలవొద్దు. ఒక సెంటు 10 మి.లీ. 9 గ్రాములు తూగితే, ఇంకొకటి 10.5 తూగుతుంది. 0.1 గ్రాము చూపించే కాటా ఉంటే చాలు.

గిన్నె_తోముడు:
@తూకం_తప్పదు, 80 దగ్గర నూనె పోయమంటున్నారు. ఈ నూనె కాగితంలో ఫ్లాష్ పాయింట్ 65 అని ఉంది. ఎగిరిపోదా మరి? అందుకే కదా చాలామంది 60 లోపే పోయమంటారు?

తూకం_తప్పదు:
ఈ గందరగోళం ఎప్పటికీ తీరదు. ఫ్లాష్ పాయింట్ అంటే నూనె మీద లేచే ఆవిరికి నిప్పు తగిలితే అంటుకునేంత చేరే ఉష్ణోగ్రత. ఆవిరైపోయే ఉష్ణోగ్రత కాదు. ఆరేసిన బట్టలోని నీళ్లు మరగకుండానే ఎగిరిపోతాయి కదా, అలాగే ఏ నూనె అయినా ఏ వేడి దగ్గరైనా కొంత ఎగురుతూనే ఉంటుంది. 65 దాటగానే ఒక్కసారిగా మాయమయ్యేదేమీ లేదు.

ఆ అంకె దేనికంటే జాగ్రత్తకు. నూనె పోసేటప్పుడు దగ్గర్లో మంట ఉండకూడదు. పొయ్యి ఆపి, గిన్నె దించి, పక్కన పెట్టి పోయండి. నిజంగా పోగొట్టేది ఏమిటంటే కలిపిన మిశ్రమాన్ని గంటలకొద్దీ వేడిమీద ఉంచడం, మూత లేకుండా మళ్లీ మళ్లీ కరిగించడం. 80 దగ్గర 2 నిమిషాలు తిప్పి, చల్లారనిచ్చి 55-60కి దిగాక పోస్తే పోయేది లెక్కలోకి రాదు.

పోసే వేడి అన్నది ఎక్కువగా చూపుకు సంబంధించింది. గాజుకు తెల్లటి మచ్చలు పడటం, పైన ఉప్పు పేరుకున్నట్టు మంచు పట్టడం, గుంటలు పడటం. ఆ మచ్చల వల్ల వాసన తగ్గదు.

పారఫిన్_పక్షం:
అందరూ వత్తి వత్తి అంటున్నారు, మైనం మాటెవరూ ఎత్తరేం? సోయాలో హాట్ త్రో మొదటినుంచీ మందమే. అదే నూనె, అదే 8 శాతం పారఫిన్‌లో పోయండి, తేడా మీకే తెలుస్తుంది. పారఫిన్ పెట్రోలియంలోంచి వచ్చే హైడ్రోకార్బన్లు, సోయా గట్టిపరచిన నూనెగింజ కొవ్వు. సెంటు అణువులను ఇవి పట్టుకునే తీరు, వదిలే తీరు ఒకటి కావు.

సోయా కావాలనే పట్టుదల ఉంటే 70 గ్రాముల సోయాకు 30 గ్రాముల పారఫిన్ చొప్పున కలపండి. పైపొర నునుపుగా వస్తుంది, మడుగు త్వరగా పడుతుంది, వాసన కొంచెం గట్టిగా దూకుతుంది. పూర్తిగా పారఫిన్ అయితే నూనె పట్టి ఉంచడానికి వైబార్ అనే పాలిమర్ పొడి వేస్తారు, గ్లాసులకు 260 రకం, అచ్చుల్లో పోసే స్తంభాలకు 103 రకం. 100 గ్రాముల మైనానికి అర గ్రాము నుంచి గ్రాము. అంతకు మించితే అది నూనెను బిగబట్టి వదలదు, కోల్డ్ త్రో, హాట్ త్రో రెండూ చస్తాయి.

తేనెమైనంలో సెంటు వేయాలనుకునేవాళ్లకు ఒక మాట. 62-64 డిగ్రీల దాకా కరగదు, సొంత వాసన ఉంది. దాని మీద లావెండర్ పోస్తే రెండూ తగాదా పడతాయి.

వత్తి_ముందు:
పారఫిన్ బాగా వదులుతుందన్నది నిజమే. కానీ ఇక్కడ మడుగు సగమే పడుతోంది. సగం మడుగుతో పారఫిన్ అయినా సగమే వదులుతుంది. మైనం మారిస్తే వత్తి పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. సోయాకు సరిపోయిన వత్తి పారఫిన్‌లో పెద్దదై మసి కొట్టొచ్చు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

మెల్లిగా_మాగనీ:
రెండో రోజే వెలిగించారన్న సంగతి అందరూ వదిలేశారు. సోయా అంత త్వరగా తేలదు. ఊరగాయ లాగా మాగాలి. గట్టిపడ్డట్టు కనబడినా లోపల ఆ కొవ్వు స్ఫటికాలు రోజుల తరబడి సర్దుకుంటూనే ఉంటాయి. సోయాకు తక్కువలో తక్కువ 7 రోజులు, వెనిల్లా లాంటి బరువు సెంట్లకు 14 రోజులు. పారఫిన్‌కు 2-3 రోజులు చాలు.

చల్లారేదాకా మూత పెట్టొద్దు, లోపల ఆవిరి చేరి చెమ్మ పడుతుంది. చల్లారిన తర్వాత మూత పెట్టి, ఎండ తగలని చోట గది వేడిలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే మాగడం వేగవంతం కాదు, పైపొర పగులుతుంది.

నమ్మకం లేకపోతే ఒకే గిన్నెలోంచి 3 గ్లాసులు పోయండి. మూడింటికీ ఒకే వత్తి. 3వ రోజు ఒకటి, 7వ రోజు ఒకటి, 14వ రోజు ఒకటి వెలిగించి, మూడు గంటలకు ఎంత వాసన అన్నది 1 నుంచి 5 అంకెల్లో రాసుకోండి. 7కూ 14కూ తేడా లేదనిపిస్తే మీ నూనెకు 7 చాలు. మాగితే అన్నీ బాగుపడతాయని మాత్రం అనుకోవద్దు. సన్నటి వత్తి కొవ్వొత్తిని నెల రోజులు మాగబెట్టినా సన్నటి వత్తి కొవ్వొత్తే.

వాసనల_లెక్క:
నూనె ఏం చేస్తోందో కూడా చూడండి. లావెండర్-వెనిల్లా అంటున్నారు. లావెండర్‌లో ముఖ్యమైన లినలూల్ 198 డిగ్రీల దగ్గర మరుగుతుంది, వెనిల్లా వాసనకు మూలమైన వెనిలిన్ 285 దగ్గర. నిమ్మ, నారింజ తొక్కలోని లిమోనీన్ 176. లవంగంలోని యూజినాల్ 254. మడుగు ఈ వేడి దరిదాపులకు రాదు కాబట్టి ఏదీ మరగదు, కానీ మరిగే స్థానం తక్కువైనది ముందు ఎగురుతుందని గుర్తుకు ఇవి చాలు.

దీని అర్థం ఏమిటంటే, మూత తీయగానే మీకు తగిలింది ఎక్కువగా ముందు ఎగిరే లావెండర్ వాసన. వెనిలిన్ బరువైనది, చల్లగా ఉంటే సరిగ్గా లేవదు, కరిగి వేడెక్కితేనే లేస్తుంది. మీ మడుగేమో చిన్నది, చల్లది. అది లేవనేలేదు. నిమ్మజాతి సెంట్లతో దీనికి తిరగబడిన గోల వస్తుంది, మూత తీస్తే కళ్లు తిరిగేంత వాసన, వెలిగించి గంటయ్యేసరికి ఖాళీ. అక్కడ వత్తి మార్చినా పెద్దగా లాభం ఉండదు, అడుగున నిలబడే బరువు వాసన కలిసిన మిశ్రమం కొనాలి.

వెనిలిన్‌తో ఇంకో రెండు సంగతులు. తెల్ల మైనాన్ని కొన్ని రోజుల్లో గోధుమ రంగుకు తిప్పుతుంది, అది చెడిపోవడం కాదు. ఎక్కువుంటే వత్తి నాళాల్లో పేరుకుని మంట కుదించుకుపోతుంది. అందుకే ఇదే గ్లాసులో ఉత్త లావెండర్‌కు సీడీ 10 సరిపోయినా, వెనిల్లా ఉంటే 12 అడగొచ్చు. వత్తి ఎంపిక గ్లాసును బట్టే కాదు, నూనెను బట్టి కూడా. ఎనిమిది సెంట్లు అమ్మేవాళ్లు ఎనిమిది పరీక్షలూ చేయాల్సిందే.

రంగు కోసం పిల్లల క్రేయాన్లు కరిగించి కలిపేవాళ్లకు కూడా ఇదే. ఆ రంగుపొడి మైనంలో కరగదు, వత్తిలో ఇరుక్కుంటుంది. కొవ్వొత్తుల రంగు వాడండి.

గిన్నె_తోముడు:
ఇంకో చిన్న ప్రశ్న. ఒంటికి కొట్టుకునే స్ప్రే సెంటు కానీ, డిఫ్యూజర్ పుల్లలకు వాడే నూనె కానీ పోయొచ్చా?

వాసనల_లెక్క:
స్ప్రే వద్దే వద్దు. అందులో ఎక్కువ భాగం ఆల్కహాల్. వేడి మైనంలో పోస్తే నురగ కక్కుతుంది, ఆవిరి అంటుకుంటుంది. మైనంతో కలవదు కూడా.

డిఫ్యూజర్ నూనెలు, కొన్ని సబ్బు నూనెలు డీపీజీ (డైప్రొపిలీన్ గ్లైకాల్) అనే ద్రవంతో పలచన చేసి ఉంటాయి. అది నీటిపక్షం, మైనంలో సరిగ్గా కలవదు. కొన్ని రోజులకు కొవ్వొత్తి పైన చెమట పట్టినట్టు జిడ్డు తేలుతుంది. సీసా మీద కొవ్వొత్తులకు అని రాసి ఉందో లేదో చూడండి, దాంతోపాటు ఇఫ్రా (అంతర్జాతీయ సుగంధ సంఘం) భద్రతా పత్రం అడగండి. ఇప్పటి పత్రాల్లో కొవ్వొత్తులు 12వ విభాగం. అక్కడ 100 శాతం అని కనబడితే అది భద్రతకు పరిమితి లేదని చెప్పడమే, మైనం అంత పట్టుకుంటుందని కాదు.

ఉత్త ఎసెన్షియల్ ఆయిల్స్‌తో చేయాలనుకునేవాళ్లు కోల్డ్ త్రో చూసి మోసపోకండి. చాలావాటికి హాట్ త్రో బలహీనం. లవంగం, దాల్చినచెక్క లాంటివి కొంత మేలు.

వత్తి_ముందు:
28 గ్రాముల సంగతి చెప్తానన్నాను. 200 గ్రాములకు 28 అంటే 14 శాతం. గ్లాసుల సోయాల్లో చాలావాటికి సంచి మీద గరిష్ఠం 10 శాతం చుట్టుపక్కలే ఉంటుంది, కొన్నిటికి ఇంకా తక్కువ. పట్టలేని నూనె మైనంలోంచి విడిపోతుంది. కొంత పైకి చెమటలా తేలుతుంది, కొంత అడుగున వత్తి రేకు బిళ్ల దగ్గర గుంటకడుతుంది. మైనంలో కలవని నూనె మంట దాకా పోతే ఉన్నట్టుండి మంట ఎగుస్తుంది. అది వాసన సమస్య కాదు, నిప్పు సమస్య. ఇంత ప్రమాదం లేనిచోట కూడా, ఎక్కువ నూనె వత్తిలోకి మైనం ఎక్కడాన్ని మందగింపజేస్తుంది, మంట చిన్నదవుతుంది, మడుగు ఇంకా ఇరుకవుతుంది. వాసన పెంచబోయి తగ్గించుకున్నట్టు.

6 నుంచి 8 శాతంతో మొదలెట్టండి. వత్తి కుదిరాక కూడా వాసన చాలకపోతే ఒక్క శాతం పెంచండి.

మసి_గ్లాసు:
ఎదురు వైపు తప్పు గురించి కూడా రాయాలి, లేకపోతే రేపు అందరూ అన్నిటికంటే లావు వత్తి పెడతారు.

వత్తి మరీ లావైతే: గంట లోపే అంచుదాకా కరుగుతుంది, లోతు 15 మి.మీ. దాటుతుంది, మంట ఆడుతూ ఉంటుంది, గ్లాసు పైఅంచుకు మసి, వత్తి కొసన పుట్టగొడుగులాంటి బొగ్గు ముద్ద, గ్లాసు చేత్తో పట్టుకోలేనంత వేడి. మొదటి గంట వాసన గుమ్మంటుంది, ఇక సాధించేశాం అనిపిస్తుంది. తర్వాత తేలిపోతుంది, కాలిన వాసన కలుస్తుంది. ఎందుకంటే వేడి మడుగు తేలిక వాసనలను ఒక్కసారిగా ఊదేస్తుంది, లావు వత్తి నూనెను ఎక్కువగా పీల్చి కాల్చేస్తుంది. అలా వేడెక్కే గ్లాసు పగలొచ్చు కూడా. ఆ వత్తి వాడొద్దు.

ప్రతిసారీ వెలిగించే ముందు వత్తిని 5 మి.మీ.కు కత్తిరించాలి, ఆరిపోయి చల్లారాక. ఇది చేయకుండా వత్తి లావుగా ఉందని తేల్చేయొద్దు, సరైన వత్తి కూడా 10 మి.మీ. పొడవుంటే మసి కొడుతుంది. కత్తిరించిన ముక్క మైనంలో పడితే తీసేయండి, అదే రెండో వత్తిలా అంటుకుంటుంది.

తూకం_తప్పదు:
పరీక్ష చేసే ముక్కు గురించి ఒక ముక్క. కొవ్వొత్తి పక్కనే కూర్చుని పని చేసుకుంటూ వాసన లేదనడం సాక్ష్యం కాదు. ఒకే వాసన నడుస్తుంటే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. గది తలుపు వేసి వెలిగించి బయటికి పొండి. గంటయ్యాక ఒకసారి, తర్వాత 2 గంటలకు, 3 గంటలకు తలుపు తీసి లోపలికి అడుగు పెట్టిన మొదటి ఊపిరిలో ఏమొచ్చిందో రాయండి. కిందటి గంట ఏం రాశారో చూడొద్దు. పోసింది మీరే అయితే ఇంకొకరిని పంపండి, వాళ్లకు ఏ గ్లాసో చెప్పకుండా.

కాలుతున్న కొవ్వొత్తిని కనుచూపు మేరలో ఉంచాలి కదా అని ఎవరైనా అంటారు, సరైన మాటే. తలుపు వేయడం అంటే ఊరెళ్లడం కాదు, గుమ్మం బయటే ఉండండి.

ఫ్యాను ఆపండి. గాలికి మంట వంగితే మడుగు ఒక వైపే పడుతుంది, వాసన చెదిరిపోతుంది. పరీక్ష గది ప్రతిసారీ ఒకటే ఉండాలి. పడకగదిలో చాలిన గ్లాసు పెద్ద హాలులో చాలదు, అది గ్లాసు తప్పు కాదు.

లేత_మైనం:
చెప్పినట్టే చేసి మళ్లీ వచ్చాను. నూనె 8 శాతం, 80 దగ్గర కలిపి 2 నిమిషాలు తిప్పాను, 57 దగ్గర పోశాను, 10 రోజులు మాగనిచ్చాను. గ్లాసు, మైనం, నూనె అవే. తలుపు తీసిన మొదటి ఊపిరికి 5లో మార్కులు, 3 గంటలకు:

సీడీ 10: మడుగు 6.5 సెం.మీ., లోతు 7 మి.మీ., వాసన 3.
సీడీ 12: అంచుదాకా, లోతు 9 మి.మీ., వాసన 4, మసి లేదు.
సీడీ 16: అంచుదాకా గంటన్నరకే, 3 గంటలకు లోతు 15 మి.మీ., మొదటి గంట 5, 3 గంటలకు 3, గ్లాసు అంచుకు మసి.

నూనె తగ్గించినా 12తో మొదటిదానికన్నా ఎంతో ఎక్కువ వాసన. మూత తీసినప్పటి వాసన మాత్రం మునుపటికన్నా కొంచెం తగ్గింది, ఫర్వాలేదు.

ఒకటి మిగిలింది. 12 గ్లాసే సగం దాటాక వాసన 3కి, తర్వాత 2కి పడింది. మడుగు అంచుదాకానే ఉంది.

మసి_గ్లాసు:
ఎన్ని గంటలు ఒకేసారి కాలుస్తున్నారు?

లేత_మైనం:
సెలవు రోజు కదా అని 7-8 గంటలు.

వత్తి_ముందు:
కారణం అదే. మడుగులోంచి నూనె ఎగిరే వేగం, మైనం కాలి తగ్గే వేగం ఒకటి కాదు. నూనె ముందు అయిపోతుంది. 8 గంటలు అదే మడుగు వేడెక్కుతూ ఉంటే చివరి గంటల్లో అది వాసన ఊడిన ఉత్త మైనం. ఆర్పాక అదే గట్టిపడి పైపొర అవుతుంది. మర్నాడు వెలిగిస్తే ముందుగా కరిగేది ఆ ఉత్త పొరే. 3-4 గంటలకు ఆర్పేయండి. మర్నాడు మడుగు ఆ పొర దాటి కిందికి దిగి, కొత్త మైనం అందుకుంటుంది. 4 గంటలకు మించి కాల్చొద్దని డబ్బాల మీద రాసేది మంట భద్రత కోసమే అయినా, వాసనకూ అదే మంచిది.

రెండో కారణం గ్లాసు లోతు. మైనం కిందికి దిగేకొద్దీ మంట బావిలో ఉన్నట్టు. వేడి గోడల మధ్య నిలుస్తుంది, మడుగు లోతవుతుంది, పైకి లేచే గాలి తగ్గుతుంది. అందుకే వత్తి పరీక్షను పై సగంతో ఆపకూడదు, గ్లాసు అడుగు దాకా కాల్చి చూడాలి. 12తో అడుగున మసి వస్తే 10 వైపు జరగండి, పై సగంలో కొంచెం మందంగా ఉన్నా సరే. అడుగున 1 సెం.మీ. మైనం ఉండగానే ఆపేయండి, గాజు నేరుగా వేడెక్కకూడదు.

గిన్నె_తోముడు:
మరి 11 సెం.మీ. వెడల్పు గిన్నెకు? ఒక్క వత్తితో అంచు అందేలా లేదు.

మసి_గ్లాసు:
9-10 సెం.మీ. దాటితే రెండు వత్తులు. ఒక్కొక్కటీ దాదాపు సగం వెడల్పుకు తగ్గ సైజు. 11 సెం.మీ.కు ఒక్కో వత్తి 5.5 సెం.మీ. మడుగు చేయాలి. మీ ఊహకన్నా ఒక సైజు తక్కువతో మొదలెట్టండి, రెండు మంటలు ఒకదాని వేడి ఒకటి అందుకుంటాయి కాబట్టి. గోడ నుంచి 2.5 సెం.మీ. కన్నా దగ్గరగా పెట్టొద్దు, ఒకదానికొకటి 5 సెం.మీ. ఉంటే చాలు. రెండు మడుగులు కలవడానికి గంటన్నర, అంచు చేరడానికి 3 గంటలు పట్టాలి. గంటకే అంచు చేరితే రెండు సైజులు దిగండి.